జోన్ ఆఫ్ ఆర్కు: సంకెళ్లలోని వీరకన్య

యుద్ధభూమిని వెన్ను చూపక పోరాడిన వారిని లోకము వీరులని కొనియాడును. శత్రువుల చేత చిక్కి, సంకెళ్లు ధరించి, భయమునకో బాధకో తాళజాలక యొకనాడు తలవంచిన వారి విషయమై మాత్రము లోకము మౌనము వహించును; ఒక్కొక్కప్పుడు వారిని పిరికివారని నిందించును. ఈ నిందయందు న్యాయమెంత కలదో విచారించుటకు వాదములకంటె ఒక్క జీవితచరిత్రము ఎక్కువ తోడ్పడును. అట్టి చరిత్రము ఫ్రాన్సు దేశపు కాపు బిడ్డయైన జోన్ ఆఫ్ ఆర్కుది. ఆమె గెలిచిన యుద్ధములను గూర్చి మన విద్యార్థులు చరిత్ర పాఠములలో చదివియే యుందురు. ఆమె చెరలో గడపిన యేడాదిని గూర్చియు, అందును 1431వ సంవత్సరము మే నెలలోని కడపటి యేడు దినములను గూర్చియు ఎరిగినవారు తక్కువ. ఆమె గొప్పతనమునకు నిజమైన పరీక్ష ఆ దినములలోనే జరిగినది.

జోను సుమారు 1412వ సంవత్సరమున, ఫ్రాన్సు తూర్పు పొలిమేరయందు, మ్యూజు నదీతీరమున నున్న దోంరెమీ యను పల్లెయందు జన్మించెను. తండ్రి పేరు జాక్, తల్లి పేరు ఇసబెల్. వారు మరీ బీదలు కారు, ధనవంతులును కారు. స్వంత కష్టముతో పొలము దున్నుకొని జీవించువారు. తల్లి ఆమెకు ప్రభువు ప్రార్థనను, విశ్వాస ప్రమాణమును, నూలు వడకుటను, కుట్టుపనిని నేర్పెను. చదువను వ్రాయను ఆమెకు నేర్పినవారు లేరు. పిమ్మట పండితసభయెదుట నిలిచినపుడు ఈ కొరతను ఆమె దాచుకొనలేదు. కుట్టుటయందును వడకుటయందును తనకు సాటివచ్చు స్త్రీ ఆ నగరమున లేదని మాత్రము ధైర్యముగా చెప్పుకొనెను.

ఆమె పుట్టునాటికి ఫ్రాన్సు దేశము మిక్కిలి దుర్దశయందుండెను. 1337వ సంవత్సరమున ఇంగ్లండు రాజులతో ఆరంభమైన యుద్ధము తరతరములుగా సాగుచుండెను. బర్గండీ ప్రభువు తన దేశస్థులను విడిచి ఆంగ్లేయులతో చేయి కలిపెను. 1420వ సంవత్సరమున త్రోయే నగరమున జరిగిన సంధివలన ఫ్రాన్సు రాజకుమారుడైన ఛార్లెసు వారసత్వమును కోల్పోయెను. రాజ్యము ఇంగ్లండు రాజునకును, ఆతని సంతతికిని చెందునని నిర్ణయింపబడెను. రెండేండ్లలో ఇరుదేశముల రాజులును మరణించిరి. ఒక ప్రక్క ఇంగ్లండునందు ఏడాదియైనను నిండని శిశువు రెండు రాజ్యములకు రాజనబడెను. వేరొక ప్రక్క ఛార్లెసు కిరీటము లేక, ధనము లేక, ధైర్యము లేక లువార్ నదికి దక్షిణమున కాలము గడుపుచుండెను.

పదుమూడవ యేట నుండియు తనకు పరలోకమునుండి స్వరములు వినబడుచున్నవని జోను నమ్మెను. ఆ స్వరములు ఎట్టివని పండితులు నేటికిని వాదించుచునే యున్నారు. క్రైస్తవ సంఘములలో సైతము ఈ విషయమై ఏకాభిప్రాయము లేదు. ఆ వాదమును తీర్చుట మన పని కాదు. ఆమె వానిని నిష్కపటముగా నమ్మినదనియు, ఆ నమ్మికకొరకు సమస్తమును విడిచినదనియు చెప్పిన చాలును. 1429వ సంవత్సరారంభమున పురుషవేషము ధరించి, కొద్దిమంది తోడుతో శత్రుప్రాంతముల మీదుగా ప్రయాణముచేసి, ఆమె షినాన్ కోటలో ఛార్లెసును దర్శించెను. పోయిట్యే నగరమున వేదపండితులు ఆమెను పలుదినములు ప్రశ్నించి, ఆమెయందు కీడేమియు లేదని తెలిపిరి. తరువాతనే ఆమె సేనతో బయలుదేరెను.

ఓర్లియాన్సు పట్టణము 1428 అక్టోబరు నుండి ఆంగ్లేయుల ముట్టడిలో నుండెను. జోను 1429 ఏప్రిలు 29వ తేదీన ఆ పట్టణమున ప్రవేశించెను. మే 7వ తేదీన మెడకును భుజమునకును నడుమ బాణము నాటుకొనగా, కట్టు కట్టించుకొని ఆ దినముననే మరల పోరాటమునకు వచ్చెను. మరునాడు ఆంగ్లేయులు ముట్టడి విడిచి వెడలిపోయిరి. ఆరు నెలలకు పైగా సాగిన ముట్టడి ఆమె వచ్చిన పది దినములు గడువకముందే ముగిసెను. జూలై 17వ తేదీన రీమ్సు దేవాలయమున ఛార్లెసునకు పట్టాభిషేకము జరిగెను. జోను తన ధ్వజముతో రాజు ప్రక్కన నిలిచెను. అప్పటి కామె వయస్సు పదునేడు.

విజయము చిరకాలము నిలువలేదు. సెప్టెంబరున పారిసు నగరముపై జరిపిన దాడి విఫలమాయెను. 1430 మే 23వ తేదీన కాంపియేన్ పట్టణమునకు వెలుపల పోరు జరుగుచుండగా, వెనుకకు మరలుచున్న తనవారిని కాచుచు జోను సేనకు కడపట నిలిచెను. శత్రువులు లోన జొరబడుదురను భయముచే పట్టణపు వంతెన పైకెత్తబడెను. ఆమె వెలుపలనే చిక్కుకొనెను. ఒక విలుకాడు ఆమె పైవస్త్రమును పట్టి గుఱ్ఱముమీదినుండి క్రిందికి లాగెను. ఇట్లు ఆమె బర్గండీ పక్షమువారికి యుద్ధఖైదీయయ్యెను.

ఆ కాలపు ఆచారమునుబట్టి గొప్ప ఖైదీలను వారి పక్షమువారు ధనమిచ్చి విడిపించుకొనుట వాడుక. జోను కిరీటము పెట్టించిన రాజు ఆమెను విడిపించుటకు గట్టి ప్రయత్నమేదియు చేసినట్లు కానరాదు. ఆంగ్లేయులు మాత్రము 10,000 లీవ్రుల మూల్యమిచ్చి ఆమెను కొనిరి. ఈ బేరము సాగుచుండగా ఆమె బోర్వువార్ కోటయందలి యెత్తైన బురుజునుండి క్రిందికి దుమికి, స్మృతి తప్పి, ప్రాణముతో బయటపడెను. ఆంగ్లేయుల చేత చిక్కుటకంటె ఏదైనను మేలని ఆమెకు తోచెను. 1430 డిసెంబరు నాటికి ఆమెను నార్మండీయందలి రువాన్ నగరమునకు చేర్చిరి.

రువాన్ కోటలోని ఆమె చెరను గూర్చి కొంత వివరముగా తెలిసికొనవలెను. ఏలయనగా ఆమె ధైర్యము ఎంత భారమును మోసినదో దీనివలననే గ్రహింపనగును. సంఘ న్యాయస్థానము విచారించు స్త్రీని సంఘపు చెరలో, స్త్రీల కాపుదలలో ఉంచుట ధర్మము. జోనును అట్లుంచక, ఆంగ్ల సైనికుల కాపుదలలో ఉంచిరి. ఆమె కాళ్లకు ఇనుప సంకెళ్లు వేసి, ఆ సంకెళ్లను పెద్ద దూలమునకు బంధించిరి. రాత్రులయందు ముగ్గురు భటులు గదిలోనే యుండిరి. ఆమె పురుషవేషమును విడువకుండుటకు మానసంరక్షణ మొక ముఖ్య కారణమని తరువాత సాక్షులు తెలిపిరి. లువాజ్లర్ అను పాదిరి ఆమె స్వదేశపువాని వలె నటించుచు చెరలోనికి వచ్చి, ఆమె నమ్మికను సంపాదించి, రహస్యములు రాబట్టజూచెను. ఏప్రిలు మాసమున ఆమె జబ్బుపడగా వైద్యులు వచ్చిరి; ఇంగ్లండు రాజు ఆమెను హెచ్చు వెలకు కొనియున్నాడు గనుక సహజ మరణము పొందనీయరాదని వారికి ఆజ్ఞ యీయబడెను. అట్టి దయ ఎటువంటిదో చదువరులే ఎంచుకొందురు గాక.

విచారణకు ముఖ్యాధికారి బోవే బిషప్పగు పియేర్ కోషోన్. ఆతడు ఆంగ్లేయుల పక్షమువాడు; ఛార్లెసు సేనల రాకవలన 1429లో తన పట్టణమును కోల్పోయినవాడు. 1431 ఫిబ్రవరి 21వ తేదీన బహిరంగ విచారణ ఆరంభమయ్యెను. ఒక ప్రక్క పారిసు విశ్వవిద్యాలయపు పండితులును, పాదిరులును నలువదిమందికి పైగా. వేరొక ప్రక్క అక్షరము రాని పల్లెపడుచు ఒకతె. ఆమెకు న్యాయవాది లేడు. తాను దేవుని కృపయందున్నదా యని వారు అడిగిరి. ఉన్నానన్నచో గర్వము, లేనన్నచో అపరాధము. లేనియెడల దేవుడు తన్ను అందు చేర్చునుగాక, ఉన్నయెడల అందే నిలుపునుగాక యని ఆమె ఉత్తరమిచ్చెను. విన్నవారు విస్మయము నొందిరి.

మే 9వ తేదీన ఆమెను కోటలోని పెద్ద బురుజునకు కొనిపోయి, చిత్రహింసకు సిద్ధపరచిన పనిముట్లను చూపిరి. అవి ప్రయోగించు మనుష్యులును అచ్చట నిలిచియుండిరి. ఆ బురుజు నేటికిని రువాన్ నగరమున నిలిచి, ఆమె పేరుతోనే పిలువబడుచున్నది. జోను అప్పుడిచ్చిన ఉత్తరము మిగుల గమనింపదగినది. అవయవములను చీల్చివేసినను తాను చెప్పినది తప్ప వేరేమియు చెప్పననియు, ఒకవేళ బాధచే ఏదైన చెప్పినను, అది బలవంతముగా చెప్పించినదని పిమ్మట తెలుపుదుననియు ఆమె పలికెను. అనగా తన దేహము తన్ను మోసగింపవచ్చునని ఆమె ఎరుగును. అంతమాత్రమున ఆ మాటలు తనవి కాజాలవని ముందుగానే ప్రకటించినది. మూడు దినములకు న్యాయాధిపతులు కోషోన్ ఇంట కూడి, ఆమెను హింసింపవచ్చునా యని అభిప్రాయములు చెప్పిరి. హింసింపవలె నన్నవారు ముగ్గురే. వారిలో స్వదేశీయునివలె నటించిన లువాజ్లర్ ఒకడు. కావున ఆ యంత్రములు ఆమె దేహమును తాకలేదు. సంకెళ్లును, వ్యాధియు, ఒంటరితనమును, నిద్రలేమియు తమ పనిని నెమ్మదిగా చేయుచునే యుండెను.

మే 24వ తేదీ ఉదయమున ఆమెను సంతువాన్ మఠపు శ్మశానవాటికకు తెచ్చి, జనసమూహము నెదుట ఎత్తైన వేదికపై నిలిపిరి. ఒక బోధకుడు ఆమెను దూషించుచు దీర్ఘప్రసంగము చేసెను. తలారి బండితో సిద్ధముగా నుండెను. ఒప్పుకొనుమని ఒకరు, ప్రాణము దక్కించుకొనుమని మరియొకరు ఆమెను తొందరపెట్టిరి. కోషోన్ శిక్షాపత్రమును చదువనారంభించెను. ఆ చదువు ముగియకమునుపే జోను ధైర్యము విరిగెను. తాను సంఘమునకు లోబడుదునని చెప్పి, తన స్వరములను నిరాకరించు పత్రముపై గురుతు పెట్టెను. ఆ పత్రము ఏడెనిమిది పంక్తులకు మించదని చూచినవారు తరువాత సాక్ష్యమిచ్చిరి. న్యాయస్థానపు గ్రంథమున చేర్చబడినదో అంతకు ఎన్నో రెట్లు పొడవైనది. ఆమెకు మరణశిక్షకు మారుగా యావజ్జీవ కారాగారము విధింపబడెను. ఇకనైనను సంఘపు చెరకు, స్త్రీల కాపుదలకు పంపుదురని ఆమె ఆశించెను. కోషోన్ ఆమెను తెచ్చిన చోటికే మరల కొనిపొండని ఆజ్ఞాపించెను. స్త్రీవస్త్రములు కట్టించి, అదే గదిలో, అదే సంకెళ్లలో, అదే భటుల నడుమ విడిచిరి.

నాలుగు దినములు గడచెను. మే 28వ తేదీన న్యాయాధిపతులు వచ్చి చూడగా ఆమె మరల పురుషవేషముతో నుండెను. ముఖము కన్నీటితో చెదరియుండెను. తాను నిరాకరించినది అగ్నిభయముచేతనే యనియు, ప్రాణముకొరకు సత్యమును విడిచి గొప్ప అపరాధము చేసితిననియు ఆమె స్పష్టముగా చెప్పెను. తనకు చేసిన వాగ్దానములను వారు తప్పిరనియు, ఈ సంకెళ్లలో ఉండుటకంటె చావు మేలనియు, మంచి చెరలో ఉంచినయెడల లోబడుదుననియు కూడ చెప్పెను. ఈ కడపటి మాటను మనము దాచనక్కరలేదు. ఆమె శిలావిగ్రహము కాదు, పందొమ్మిదేండ్ల పడుచు. ఆమె ఉత్తరమునకు ఎదురుగా పత్రముయొక్క అంచున, ఇది మరణకరమైన జవాబని లేఖకుడు వ్రాసికొనెను.

మే 30వ తేదీ ఉదయమున ఆమె ప్రభు సంస్కారము పుచ్చుకొనెను. మతద్రోహి యని శిక్షించుచున్న వారే దానిని అనుమతించుట విచిత్రము. రువాన్ పాతసంత వీథిలో ఆమెను కొయ్యకు కట్టిరి. ఒక సిలువను ఆమె వేడుకొనగా, ఒక ఆంగ్ల సైనికుడు రెండు పుల్లలను కట్టి యిచ్చెను. ఇసంబార్ అను సన్న్యాసి సమీప దేవాలయమునుండి సిలువను తెచ్చి, మంటలలోను ఆమెకు కనబడునట్లు ఎత్తి పట్టుకొనెను. యేసు నామమును పలుమారు బిగ్గరగా ఉచ్చరించుచు ఆమె ప్రాణము విడిచెను. ఆమె చితాభస్మమును సేన్ నదిలో పారవేసిరి.

ఆమె ఆ ఉదయమున మరల తన స్వరములను సందేహించినదని తెలుపు పత్రమొకటి తరువాత విచారణ గ్రంథమునకు జతచేయబడినది. దానిపై లేఖకుల సంతకములు లేవు. కనుక దానిని పలువురు నమ్మరు. నిజమేయైనను, చితిని కన్నులయెదుట చూచుచున్న బిడ్డ సందేహించుట మనకు ఆశ్చర్యము కాదు.

1449వ సంవత్సరమున రువాన్ నగరము ఫ్రెంచివారి వశమాయెను. 1455 నవంబరు 7వ తేదీన పారిసు నగరమున నోటర్ డామ్ దేవాలయమున వృద్ధురాలైన ఇసబెల్ నిలిచి, తన కుమార్తెకు న్యాయము చేయుడని వేడుకొనెను. నూటికి పైగా సాక్షులు విచారింపబడిరి. 1456 జూలై 7వ తేదీన పూర్వపు తీర్పు కొట్టివేయబడెను. ఆమె నిరాకరణ పత్రమును గూర్చి ఆ న్యాయస్థానము విశేషముగా పలికినది: తలారి యెదుట, అగ్ని చూపి, భయపెట్టి లాగుకొనిన మాటకు విలువ లేదని నిర్ణయించినది. జోను తన నోట మే 9వ తేదీన చెప్పినదే ఇరువదియైదేండ్లకు తీర్పుగా వ్రాయబడినది. 1920వ సంవత్సరమున రోమను సంఘము ఆమెను పరిశుద్ధురాలిగా ప్రకటించెను.

ఇచ్చట మనము కొంచెము ఆగి ఆలోచింపవలెను. రువాన్ నగరమున ఆ సంవత్సరము ధైర్యము కోల్పోయినది జోను ఒక్కతెయేనా? ఆ విచారణలో కూర్చున్న పండితులలో పలువురు, తాము ఆంగ్లేయులకు భయపడి ఊరకుంటిమని పిమ్మట ఒప్పుకొనిరి. వారి కాళ్లకు సంకెళ్లు లేవు; వారి రాత్రులను భటులు కాచలేదు. విచారణ చెల్లదని ధైర్యముగా చెప్పిన లోహియే అను న్యాయవేత్త నగరమును విడిచి పోవలసివచ్చెను. ఊప్‌విల్ అను మరియొకడు చెరలో వేయబడెను. తక్కినవారు తలలు వంచిరి. లేఖకుడైన మాన్షోన్, ఆ పనికి తనకు ముట్టిన ధనములో కొంత వెచ్చించి, ఆమెకొరకు ప్రార్థించుటకై ఒక ప్రార్థనగ్రంథమును కొనెను. నిందింపవలెనన్న, అగ్ని చూచి వణికిన ఖైదీనా, అగ్నిని రగిల్చినవారినా, కుర్చీలపై కూర్చుండి మౌనము వహించినవారినా?

మరియొక ప్రశ్న ఇంతకంటె కఠినమైనది. జోను పడిపోయి మరల లేచినది గనుక మనము ఆమెను గౌరవించుచున్నామా? ఆ మే 28వ తేదీన ఆమె నోరు తెరువక, రొట్టెతోను నీటితోను ముప్పది యేండ్లు చెరలో బ్రదికి చనిపోయియుండిన ఏమందుము? ఓర్లియాన్సు విడుదల చెరిగిపోవునా? తనవారిని కాచుటకై సేనకు కడపట నిలిచినది అబద్ధమగునా? కాదు. ఒకని జీవితమునంతటిని శత్రువు బలముచే పలికించిన ఒక్క మాటతో తూచుట న్యాయము కాదు. చెరలో విరిగి, మరల లేచుటకు అవకాశమైనను దొరకక మరణించిన యుద్ధఖైదీలు ప్రతి యుద్ధమునను కలరు. వారి పేళ్లను ఏ న్యాయస్థానమును తుడిచి శుభ్రపరచలేదు. జోనుకు చెందిన గౌరవములో వారికిని పాలు కలదు.

ఈ సత్యమును రాజ్యములును కాలక్రమమున గుర్తించినవి. 1949వ సంవత్సరపు జెనీవా ఒడంబడిక, యుద్ధఖైదీ తన పేరు, హోదా, పుట్టిన తేదీ, సైనిక సంఖ్య తప్ప వేరేమియు చెప్పనక్కరలేదనియు, ఇతర సమాచారమునకై ఆతనిని హింసింపరాదనియు శాసించినది. దేహమున కొక హద్దు కలదని ఒప్పుకొనియే ఆ శాసనము వ్రాయబడినది.

మనకో, అంతకుముందే యొక దృష్టాంతము కలదు. పేతురు ప్రధానయాజకుని యింటి ముంగిట, సంకెల లేకయే, చెర లేకయే, ఒక దాసి మాటకు భయపడి మూడుమారులు తన ప్రభువు నెరుగనని పలికెను. ప్రభువు ఆతనిని త్రోసివేయలేదు. సముద్రతీరమున మూడుమారులు ప్రేమను గూర్చి యడిగి, తన గొర్రెలను ఆతనికే యప్పగించెను. అయినను పేతురు చేసినది తప్పు కాదని సువార్తలు చెప్పలేదు. ఆతడు వెలుపలికి పోయి ఏడ్చెనని చెప్పినవి. జోను సైతము తన పతనమును తానే అపరాధమని పిలిచినది. తన్ను తాను నిందించుకొను హక్కు ఆమెది. ఆమెను నిందించు హక్కు మనకు లేదు. ఈ రెండింటి భేదమును తెలిసికొనుటయే ఈ చరిత్రయందలి పాఠము.

విద్యార్థులారా, మీలో పలువురకు చెరయు, చితియు తటస్థింపకుండుగాక. కాని మీ తోటివాడు పెద్దవాని బెదరింపునకు లొంగి, తనది కాని మాట పలుకుట మీరు చూచియే యుందురు. అట్టివానిని పిరికివాడని పిలుచుటకు ముందు, ఆతనిని బెదరించినవా డెవరని యడుగుడు. ఆ సమయమున మీరెచ్చట నిలిచియుంటిరో దానిని కూడ అడిగికొనుడు. పిమ్మట ఆ పడినవాని ప్రక్కకు పోయి, లేచుటకు చేయి యిండు. మంటలలోను కనబడునట్లు సిలువను ఎత్తి పట్టిన ఆ సన్న్యాసి చేసినది ఆపాటి పనియే. ఆ దినమున రువాన్ నగరమునందు అంతకంటె మేలైన పనిని చేసినవాడు వేరొకడు లేడు.